పాత కంప్యూటర్ల గదిని గుత్తగా అమ్మేయకండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. సూర్యారావుపేటలో మీ మెయిన్ డయాగ్నొస్టిక్ సెంటర్, గుంటూరు కొత్తపేటలో బ్రాంచి. పదకొండేళ్లుగా మెట్ల కింద గదిలో చేరిన సామాను: అరవై దాకా సీపీయూలు, లావు మానిటర్లు, సన్న మానిటర్లు, ప్రింటర్లు, యూపీఎస్‌లు, ఇన్వర్టర్ బ్యాటరీలు, సీసీ కెమెరాల డీవీఆర్‌లు రెండు, మూలనపడ్డ అనలైజర్ (ల్యాబ్‌లో పరీక్షలు చేసే మిషన్) ఒకటి. గుంటూరులో పాత ఎక్స్‌రే మిషన్, అల్ట్రాసౌండ్ మిషన్. పాత సామాన్ల వ్యాపారి వచ్చి చూసి మొత్తం గుత్తగా 52,000 ఇస్తానన్నాడు, ఎల్లుండే బండి తెస్తానన్నాడు. ఈ-వేస్ట్ రీసైక్లర్‌కి ఫోన్ చేస్తే అందులో సగం కూడా రాదన్నాడు, పైగా లిస్టు కావాలన్నాడు. నెలాఖరుకి గది ఖాళీ అవ్వాలని మీ డాక్టర్ గారి పట్టుదల. చట్టం మాకు వర్తిస్తుందా, ఎవరికివ్వాలి, హార్డ్ డిస్కులు ఫార్మాట్ చేస్తే చాలా అన్నవి మీ ప్రశ్నలు.

ముందు ఆ వ్యాపారికి ఫోన్ చేసి ఎల్లుండి రావద్దని చెప్పండి. మిగతాదంతా నిదానంగా చూసుకోవచ్చు.

ఇరవై రెండేళ్లుగా విజయవాడ, గుంటూరుల్లో ఆసుపత్రులకూ కాలేజీలకూ కంప్యూటర్లు, స్టోర్సు చూస్తున్నాను. కొనేటప్పుడు మూడు కొటేషన్లు, పర్చేజ్ కమిటీ, గ్యారంటీ కార్డు అన్నీ ఉంటాయి. పారేసేటప్పుడు మాత్రం వాచ్‌మన్, ఒక బండి, చేతిలో నోట్లు. నేను చూసిన చిక్కులన్నీ ఈ రెండో చోటే వచ్చాయి. అన్నిట్లోనూ కారణం ఒకటే, సామానుని విడదీయకుండా గుత్తగా ఇచ్చేయడం. మీ గదిలో ఉన్నది ఒక సరుకు కాదు. కనీసం అయిదు రకాలున్నాయి, అయిదింటికీ అయిదు దారులు. గుత్త బేరంలో ఆ అయిదూ కలిసి ఒకే బండెక్కుతాయి.

వ్యాపారి చెప్పిన 52,000 ఎలా వచ్చిందో చూద్దాం. ఆయన గదిలోకి తొంగిచూసి లెక్క కట్టింది రాగి, బోర్డులు, ర్యామ్‌లు, ప్రాసెసర్లు, ఇంకా పని చేసే మానిటర్లు, బ్యాటరీల్లో సీసం. లెక్కలోకి తీసుకోనివి కూడా ఉన్నాయి: మానిటర్ గాజు, ప్లాస్టిక్ డొక్కులు, బ్యాటరీ యాసిడ్, టోనర్ పొడి. వాటిని సరిగ్గా వదిలించుకోవడానికి ఖర్చవుతుంది. ఆయన ఆ ఖర్చు పెట్టడు కాబట్టే మీకు ఎక్కువ ఇవ్వగలుగుతున్నాడు. రీసైక్లర్ ఆ ఖర్చు పెట్టాలి, అందుకే తక్కువ చెప్పాడు. రెండు రేట్ల మధ్య తేడా మొత్తం ఏ కాలువ గట్టునో పడేసే చెత్త తాలూకు డబ్బే.

ఇది ఊహించి చెప్పడం లేదు. చాలా ఏళ్ల కిందట మేం అమ్మిన సామాను ఎక్కడికి పోతుందో చూద్దామని బండి వెనకే బైకు మీద వెళ్లాను. ఊరి శివారులో రేకుల షెడ్డు. పదిహేను పదహారేళ్ల కుర్రాడు లావు మానిటర్ని బోర్లా పెట్టి, వెనక సన్నటి గాజు మెడ మీద సుత్తితో ఒక్కటేశాడు. ‘ఠప్’ మని గాలి లోపలికి పోయింది. మెడ చుట్టూ ఉన్న రాగి తీగ చుట్టని లాగి గోనెసంచిలో వేసుకున్నాడు. మిగిలిన గాజు డొక్కుని వెనకాల గుట్టలోకి విసిరాడు. ఆ గాజులో సీసం ఉంటుంది. ఇవతల మరొకాయన గ్యాస్ పొయ్యి మీద ఇనప పెనం పెట్టి మదర్‌బోర్డుని దోసెలా తిరగేస్తున్నాడు. టంకం కరిగాక పట్టకారుతో చిప్పులు ఊడబెరుకుతున్నాడు. ముక్కుకి గుడ్డ కూడా లేదు. ఆ పొగలో టంకంలోని సీసం ఉంటుంది, బోర్డుకి నిప్పంటుకోకుండా కలిపే బ్రోమిన్ రసాయనాలు కాలిన విషమూ ఉంటుంది. వైర్లని మూలన కాలుస్తున్నారు. పీవీసీ కాలితే డయాక్సిన్లనే విషాలు వస్తాయి. మా కాలేజీ ఇన్వర్టర్ బ్యాటరీని పక్కకి వంచి యాసిడ్‌ని మురుగు కాలవలోకి ఒంపేశారు, బరువు తగ్గుతుందని. దాని మీద మా కాలేజీ అసెట్ నంబరు తెల్ల పెయింటుతో రాసి ఉంది. అది రాసింది నేనే.

ఆ కుర్రాణ్ణో ఆ పెద్దాయన్నో తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్లు రోజుకూలీకి చేస్తున్నారు. సామాను అక్కడికి పంపింది మనం. 2022లో ప్రపంచం మొత్తం మీద పోగైన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక లెక్క. అందులో సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు రికార్డుల్లో ఉన్నది 22.3 శాతం. మిగతాదాంట్లో ఎంతో భాగం ఇలాంటి షెడ్లలోనే తేలుతుంది.

ఇక మీ మూడో ప్రశ్నని ముందుకు తెస్తాను, ఎందుకంటే మీ సెంటర్‌కి అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అక్కడే ఉంది. ఫార్మాట్ చేస్తే చాలదు. క్విక్ ఫార్మాట్ చేస్తే పుస్తకంలో విషయసూచిక పేజీ చింపినట్టే. లోపలి పేజీలన్నీ అలాగే ఉంటాయి. నెట్‌లో ఊరికే దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా తీసేస్తారు.

2013లో నేను ఈ తప్పే చేశాను. ఒక కాలేజీ ల్యాబులోవీ ఆఫీసులోవీ కలిపి 84 సిస్టమ్స్‌ని ఫార్మాట్ చేసి గుత్తగా అమ్మాం. మూడు వారాలకి తెలియని నంబరు నుంచి ఫోన్. ఒకాయన సెకండ్‌హ్యాండ్ హార్డ్ డిస్క్ కొనుక్కున్నాడట, తన పాత ఫొటోలేవో రికవర్ చేసుకోవాలని సాఫ్ట్‌వేర్ నడిపితే మా పిల్లల అడ్మిషన్ ఫారాలు బయటపడ్డాయట. ఫొటోలు, తండ్రుల ఫోన్ నంబర్లు, కుల ధ్రువీకరణ పత్రాల స్కాన్లు. ‘‘సార్, ఇది మీ కాలేజీదే కదా, మీకు తెలుసా?’’ అన్నాడు. ఆయన మంచివాడు కాబట్టి డిస్కు వెనక్కి ఇచ్చాడు. మిగతా 83 ఎవరి చేతుల్లో ఉన్నాయో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ వారం రోజులు నిద్ర పట్టలేదు.

మీ డిస్కుల్లో ఉన్నవి అడ్మిషన్ ఫారాలు కావు. ఎవరికి షుగర్ ఉంది, ఎవరికి హెచ్‌ఐవీ పరీక్ష చేశారు, ఏ అమ్మాయి గర్భ నిర్ధారణకి వచ్చింది అనేవి. మన ఊళ్లలో అలాంటి ఒక్క రిపోర్టు బయటికొస్తే ఒక ఇంటి పరువు, ఒక పెళ్లి సంబంధం పోతాయి. చట్టం సంగతి ఆ తర్వాతే. అదీ చిన్నదేం కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, డేటాని కాపాడే తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల దాకా జరిమానా రాసి ఉంది.

కాబట్టి ఏ సీపీయూ గది దాటే ముందైనా దాని డిస్కు బయటికి రావాలి. స్క్రూడ్రైవర్ పట్టుకోగల కుర్రాడు ఒకడుంటే అరవై సీపీయూలకి రెండు రోజుల పని. ఒక్కొక్క డిస్కు మీద సీరియల్ నంబరు ఉంటుంది, దాన్ని నోట్‌బుక్‌లో రాసి, ఏ సీపీయూలోంచి వచ్చిందో పక్కన రాయండి. తిరిగే డిస్కు పనిచేస్తుంటే మొత్తం డిస్కు మీద కొత్త డేటా రాసే వైపింగ్ సాఫ్ట్‌వేర్ నడపండి. ఇప్పటి డిస్కులకి ఒక్కసారి పూర్తిగా రాస్తే సరిపోతుంది, ఏడుసార్లు రాయాలన్నది పాత కాలపు మాట. పెద్ద డిస్కుకి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పొద్దున చూసుకోండి. పనిచేయని డిస్కుకి సాఫ్ట్‌వేర్ ఎక్కదు కాబట్టి డ్రిల్లింగ్ మిషన్‌తో లోపలి పళ్లేల గుండా మూడు నాలుగు బెజ్జాలు వేయించండి. ల్యాప్‌టాప్ డిస్కుల్లో పళ్లేలు చాలాసార్లు గాజువి, పగిలి ఎగురుతాయి. కళ్లద్దాలు లేకుండా ఎవర్నీ ముట్టుకోనివ్వకండి.

ఎస్‌ఎస్‌డీల సంగతి, అంటే తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల్లోనే డేటా దాచే డ్రైవ్‌ల సంగతి వేరు. అయస్కాంతంతో చెరిపేస్తాం అని కొందరు వెండర్లు చెప్తారు. అది తిరిగే డిస్కులకే, ఎస్‌ఎస్‌డీ మీద అయస్కాంతం ఏమీ చేయదు. డ్రైవ్ కంపెనీ ఇచ్చే టూల్‌తో సెక్యూర్ ఎరేజ్ చేయాలి, లేదంటే లోపలి చిప్పులు ముక్కలయ్యేలా నాశనం చేయాలి. పక్కన ఒక బెజ్జం వేస్తే చిప్పు తప్పించుకోవచ్చు.

డేటా అనగానే అందరూ కంప్యూటర్లే చూస్తారు. మీ రెండు డీవీఆర్‌లలో హార్డ్ డిస్కులున్నాయి, వెయిటింగ్ హాల్లో కూర్చున్న వాళ్ల మొహాలన్నీ అందులో ఉంటాయి. పెద్ద జిరాక్స్ మిషన్లలో చాలావాటికి లోపల డిస్కు ఉంటుంది, కాపీ తీసిన పేజీలు అందులో మిగిలిపోవచ్చు. అద్దెకి తెచ్చిన మిషన్ అయితే తిరిగిచ్చే ముందు ఆ డిస్కు సంగతి రాతపూర్వకంగా తేల్చుకోండి. బయోమెట్రిక్ హాజరు మిషన్‌లో మీ స్టాఫ్ వేలిముద్రల సమాచారం ఉంటుంది. మూలన పాత కార్డు స్వైపింగ్ మిషన్ కనిపిస్తే అది మీది కాకపోవచ్చు, సాధారణంగా బ్యాంకుదే. బ్యాంకుకి తిరిగిచ్చి రసీదు తీసుకోండి. అనలైజర్‌లోనూ, ఎక్స్‌రే వర్క్‌స్టేషన్‌లోనూ పేషెంట్ పేర్లు ఉంటాయి.

నీళ్లలో మునిగిన కంప్యూటర్లలో డేటా పోయి ఉంటుంది కదా అని కూడా అనుకోకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వీధుల్లో ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు, సీపీయూలు గుట్టలుగా పడున్నాయి. ‘బురద పట్టింది, ఇంకేం పనికొస్తుంది’ అని తెలిసినాయన ఒకాయన ఆఫీసు సిస్టమ్స్‌ని రోడ్డు మీద పెట్టేశారు. నేను వెళ్లి డిస్కులు మాత్రం విప్పించి తెచ్చాను. శుభ్రం చేసి చూస్తే ఆరింట్లో నాలుగు చదవగలిగాం. ఆయనకి అకౌంట్లు దొరికాయని సంతోషం, ఎవరైనా ఎత్తుకుపోయుంటే అనుకుంటే నాకు గుండె దడ.

డిస్కులు తీశాక అసలు ఏది చెత్త, ఏది కాదు అన్నది చూడండి. మీ అరవైలో ఎన్ని నిజంగా చచ్చిపోయాయి? 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11కి సరిపోవని చాలా ఆఫీసులు బాగా నడిచే సిస్టమ్స్‌ని మూలన పడేశాయి. వాటిలో చిన్న ఎస్‌ఎస్‌డీ, కొంచెం ర్యామ్ వేసి లైనక్స్ ఎక్కిస్తే టోకెన్ కౌంటర్‌కీ, ల్యాబ్ సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లో నడిచేదైతే దానికీ ఇంకో నాలుగేళ్లు వస్తాయి. ఒక కంప్యూటర్ తయారీలోనే బోలెడంత కరెంటు, నీళ్లు, లోహం ఖర్చయిపోయాయి. దాన్ని ఇంకొన్నాళ్లు వాడటం రీసైక్లింగ్ కన్నా సాధారణంగా మేలే. స్కూలుకి ఇవ్వాలనుకుంటే మానిటర్, కీబోర్డు, మౌస్ అన్నీ పెట్టి, ఆన్ చేసి చూపించి ఇవ్వండి. ఆన్ కాని వాటిని దానం పేరుతో ఇస్తే మన చెత్తని పంతులుగారి గదిలోకి మార్చినట్టే. ఆ హెడ్‌మాస్టర్‌కి దాన్ని రికార్డుల్లోంచి కొట్టేయించుకోవడమే పెద్ద తలనొప్పి.

బ్యాటరీలని వేరుగా పెట్టండి. యూపీఎస్, ఇన్వర్టర్ బ్యాటరీలకి ఈ-వేస్ట్ నియమాలు కాదు, 2022లోనే వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు వర్తిస్తాయి. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతదాన్ని డీలర్‌కే ఇచ్చి బిల్లులో తగ్గించుకోవడం అన్నిటికన్నా సులువైన దారి, బిల్లు మీద పాత బ్యాటరీ తీసుకున్నట్టు రాయించుకోండి. యాసిడ్ ఒంపించకండి, నిటారుగానే పంపండి. ల్యాప్‌టాప్, ట్యాబ్‌ల లిథియం బ్యాటరీలు ఉబ్బి ఉంటే నొక్కడం, గుచ్చడం, సంచిలో కుక్కడం చేయొద్దు. కాంటాక్టుల మీద టేపు వేసి, పొడి ఇసక పోసిన ఇనప బకెట్‌లో విడివిడిగా పెట్టండి. ఏప్రిల్, మే ఎండల్లో మెట్ల కింద గదిలో ఉబ్బిన లిథియం బ్యాటరీ ఉండటం మంచిది కాదు. అన్నిటికన్నా ముందు దాన్ని బయటికి తీయండి.

మీ వాళ్లెవరూ చెప్పి ఉండరనుకుంటున్న సంగతి, వైద్య పరికరాలు. ఆ వ్యాపారి గుంటూరు ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ మిషన్లని కూడా గుత్తలో కలిపేశాడు చూడండి, నన్ను భయపెట్టింది అదే. అల్ట్రాసౌండ్ మిషన్ పీసీపీఎన్‌డీటీ చట్టం, అంటే కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించిన చట్టం కింద మీ రిజిస్ట్రేషన్‌లో నమోదై ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకి దాన్ని అమ్మడం, ఇవ్వడం నేరం. పరికరాల్లో మార్పు ఉంటే 30 రోజుల ముందే అధికారులకి తెలపాలి. పాడైపోయిందన్నా సరే, ఉత్తరం ఇచ్చి ముద్ర వేయించుకోకుండా దాన్ని గది మార్చకండి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి, గుంటూరు గుంటూరు జిల్లాలోకి వస్తాయి కాబట్టి ఈ ఉత్తరం గుంటూరు డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో ఇవ్వాలి, విజయవాడలో కాదు. ఎక్స్‌రే మిషన్‌కి అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, నుంచి డీకమిషనింగ్ అనుమతి, అంటే వాడుకలోంచి తీసేయడానికి అనుమతి కావాలి. వాళ్ల ఈలోరా పోర్టల్‌లో మీ సెంటర్ లాగిన్ ఉంటుంది, అందులోనే దరఖాస్తు చేయాలి. కరెంటు లేని ఎక్స్‌రే మిషన్‌లోంచి రేడియేషన్ రాదు, మీ స్టాఫ్ కంగారు పడక్కర్లేదు. కానీ ఎవరో బాగుచేసి అనుమతి లేకుండా ఏ సందులోనో నడిపితే రికార్డులో పేరు మీదే ఉంటుంది.

గుత్త వేలం ఎంత దూరం పోతుందో 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్‌లో దేశమంతా చూసింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగంలో ఏళ్లతరబడి వాడకుండా ఉన్న గామా పరికరం వేలంలో తుక్కు కింద పోయింది. లోపల రేడియేషన్ వెదజల్లే కోబాల్ట్-60 ఉందని తెలియక దాన్ని కోశారు. కొందరు రేడియేషన్ జబ్బుతో ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. మీ దగ్గర ఉన్నవి అలాంటివి కావు. విడదీసి చూడకుండా అమ్మడం ఎందుకు వద్దంటున్నానో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు లేదు.

మీ అనలైజర్ విషయం సులువే. 2022 ఈ-వేస్ట్ నియమాల మొదటి షెడ్యూల్‌లో 106 రకాల పరికరాలున్నాయి, వాటిలో వైద్య పరికరాలూ ల్యాబ్ పరికరాలూ కూడా చేర్చారు. అయితే రోగకారక వ్యర్థం అంటిన వాటికి ఆ జాబితాలో చోటు లేదు. ట్యూబులు, రియాజెంట్ సీసాలు తీసేసి బయోమెడికల్ వేస్ట్‌లో వేసి, మిషన్‌ని డిసిన్ఫెక్ట్ చేసి, ‘ఫలానా తేదీన శుభ్రపరచాం’ అని ల్యాబ్ ఇన్‌చార్జి సంతకంతో కాగితం అతికించండి. రీసైక్లర్ దగ్గర పనిచేసేవాళ్లు దాన్ని ఉత్త చేతుల్తో విప్పుతారని మర్చిపోకండి.

చట్టం సంగతి. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2022 నవంబరులో నోటిఫై చేసి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్న నియమాలు. వీటిలో ‘బల్క్ కన్జ్యూమర్’ అంటే ఆర్థిక సంవత్సరంలో ఏ ఒక్క సమయంలోనైనా షెడ్యూల్‌లోని పరికరాలు కనీసం వెయ్యి వాడిన సంస్థ. అలాంటివాళ్లు రిజిస్టర్ అయిన ఉత్పత్తిదారుకి, రీఫర్బిషర్‌కి (పాతవాటిని బాగుచేసి అమ్మేవాళ్లకి), రీసైక్లర్‌కి తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదు. మీరు రాసిన దాన్నిబట్టి రెండు సెంటర్లూ కలిపినా వెయ్యికి చేరరు అనిపిస్తుంది. కానీ లెక్క కంప్యూటర్లతో ఆగదు. ఏసీలు, ప్రింటర్లు, ఫోన్లు, రౌటర్లు, ల్యాబ్ పరికరాలు అన్నీ లెక్కలోకి వస్తాయి. ఒకసారి నిజాయితీగా లెక్కపెట్టుకోండి. వెయ్యి లోపే ఉంటే ఆ నిబంధన నేరుగా మీ మీద పడదు. అయినా రిజిస్ట్రేషన్ లేకుండా ఈ-వేస్ట్ విప్పే వ్యాపారం చట్టవిరుద్ధమే కాబట్టి, మీ పేరున్న సామాను అక్కడ దొరికితే మీకు నోటీసు వస్తుందా రాదా అని టెన్షన్ పడటం కన్నా సరైన చోటికి పంపడమే తేలిక. మీరు ఎన్‌ఏబీహెచ్ లాంటి ఆసుపత్రి నాణ్యతా గుర్తింపుకి వెళ్లేవాళ్లయితే పరికరాలు ఎలా తొలగించారో రికార్డు ఎటూ చూపించాలి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. కొందరు వెండర్లు ‘మీకు ఈపీఆర్ సర్టిఫికెట్ ఇప్పిస్తాం’ అని డబ్బులడుగుతారు. ఈపీఆర్ అంటే అమ్మిన సామాను చెత్తయ్యాక దాని బాధ్యత ఉత్పత్తిదారుదే అనే ఏర్పాటు. ఆ సర్టిఫికెట్ తయారీ కంపెనీలు, తమ బ్రాండు మీద అమ్మేవాళ్లు తమ రీసైక్లింగ్ లక్ష్యం చేరామని చూపించుకోవడానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో కొనుక్కునేది. మీకు దాంతో పనిలేదు. మీకు కావాల్సింది మీ సామాను ఫలానా తేదీన అందుకున్నామని, రీసైకిల్ చేశామని రీసైక్లర్ ఇచ్చే కాగితం.

రీసైక్లర్‌ని ఎలా పట్టుకోవాలి? కేంద్ర మండలి ఈ-వేస్ట్ పోర్టల్‌లో రిజిస్టరైన రీసైక్లర్ల వివరాలుంటాయి. కొటేషన్ మీద ఉన్న పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అందులో ఉన్నాయో లేదో అక్షరం అక్షరం పోల్చండి. ప్లాంటు మన రాష్ట్రంలో ఉంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సీఎఫ్‌ఓ, అంటే నడపడానికి ఇచ్చే అనుమతి, గడువు తేదీతో సహా అడగండి. మండలి ఆఫీసు విజయవాడలోనే ఉంది, అనుమానం వస్తే వెళ్లి అడగడానికి మనకి దూరం కూడా కాదు. ఐఎస్‌ఓ సర్టిఫికెట్ ఫ్రేము కట్టి చూపిస్తే చూడండి, అది రిజిస్ట్రేషన్ మాత్రం కాదు. మీకు ఫోన్లో దొరికినాయన ఏజెంటు అయితే తప్పేం లేదు, కానీ రీసైక్లర్ ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్ చూపించాలి, బిల్లు రీసైక్లర్ పేరు మీదే రావాలి.

నేనయితే ఒక్క ప్రశ్న తప్పకుండా అడుగుతాను: ‘మీ దగ్గర విప్పాక సర్క్యూట్ బోర్డులు ఎక్కడికి వెళ్తాయి?’ ఇనుము, అల్యూమినియం, ప్లాస్టిక్ వేరుచేయడం చాలామంది చేయగలరు. ముక్కలు చేసే మిషన్, ఇనుముకి అయస్కాంతం, అల్యూమినియానికి ఎడ్డీ కరెంట్ సెపరేటర్ ఉంటే చాలు. బోర్డుల్లోంచి బంగారం, రాగి తీయడమే అసలు పరీక్ష. టన్ను గని మట్టిలో కన్నా టన్ను కంప్యూటర్ బోర్డుల్లో బంగారం ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది, అందుకే నైట్రిక్ యాసిడ్ తొట్లు పెట్టుకుని దొంగచాటుగా తీసేవాళ్లున్నారు. సరైన రీసైక్లర్ అయితే ‘మా ప్లాంటులోనే ఈ పద్ధతిలో తీస్తాం’ అనో, ‘ఫలానా స్మెల్టర్‌కి పంపుతాం, ఇవిగో కాగితాలు’ అనో తడుముకోకుండా చెప్తాడు. ‘ఎవరో పార్టీ వచ్చి తీసుకెళ్తారండీ’ అన్నాడంటే ఫోన్ పెట్టేయండి. వీలైతే ఒక రోజు ప్లాంటుకి వెళ్లి చూడండి. రానివ్వని చోటికి సామాను పంపకండి.

ఇప్పుడు డాక్టర్ గారికి ఏం చెప్పాలన్నది. 52,000తో పోలిస్తే తక్కువ వస్తుంది, నిజమే, దాచక్కర్లేదు. కానీ వేరుచేశాక లెక్క మారుతుంది. బ్యాటరీలకి ఎక్స్‌ఛేంజ్‌లో తగ్గింపు, పనికొచ్చే పది పదిహేను సిస్టమ్స్ కొత్తవి కొనే ఖర్చుని తప్పిస్తాయి, మంచి సన్న మానిటర్లు రీఫర్బిషర్ కొంటాడు, మిగిలిందే రీసైక్లర్‌కి. నేను చేయించిన చోట్ల ఇలా విడదీస్తే తేడా చాలా వరకూ పూడింది. అసెట్ రిజిస్టర్‌లో కొట్టేయడం, అమ్మకానికి జీఎస్టీ బిల్లు వేయడం గురించి మీ ఆడిటర్‌ని బండి రాకముందే అడగండి. నోట్లు చేతిలో పెట్టి బిల్లు వద్దనే బేరంలో ఆడిటర్‌కి చూపించడానికి ఏమీ మిగలదు.

గడువు గురించి కూడా ఆయనకి ముందే చెప్పేయండి. కంప్యూటర్లూ ప్రింటర్లూ ఉన్న మెట్ల కింద గది నెలాఖరుకి ఖాళీ అవుతుంది. గుంటూరు ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ అవ్వవు. వాటిని గోడవార ‘వాడుకలో లేదు’ అని బోర్డు పెట్టి, ప్లగ్గు తీసి, తాళం వేసి ఉంచండి. అనుమతి వచ్చాక విడిగా పంపండి.

సామాను వెళ్లే రోజు మీరు దగ్గరుండండి, వాచ్‌మన్ మీద వదలకండి. లిస్టులో ఒక్కొక్క వస్తువుకీ టిక్కు పెడుతూ బండెక్కించండి. వైప్ చేసిన డిస్కులు, బెజ్జాలు వేసినవి విడి డబ్బాలో, సీల్ వేసి, సీరియల్ నంబర్ల కాగితం రెండు కాపీలతో పంపండి. ఒకదాని మీద వాళ్ల సంతకం తీసుకోండి. మీరే ఎన్నుకున్న కాటాలో తూకం వేయించండి. రీసైక్లింగ్ సర్టిఫికెట్ మీద బరువు కాటా చీటీతో సరిపోవాలి, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ ఉండాలి, డిస్కుల సీరియల్ నంబర్లు విడిగా జతచేయాలి. అది ఎన్ని రోజుల్లో ఇస్తారో పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించి, చివరి కొంత లావాదేవీ ఆ కాగితం చేతికొచ్చాకే ముగిసేలా పెట్టుకోండి. బండి కదిలేముందు నంబరు ప్లేటు కనిపించేలా ఫొటో తీసి, కాటా చీటీ మీద ఉన్న బండి నంబరు అదేనా అని ఒకసారి సరిచూసుకోండి.